పెరుగు పూసిన కిస్‌మిస్ ఇంట్లో చేయడం ఎలా? బడి డబ్బాలో నిలుస్తుందా?

ప్రశ్న: ఇద్దరు పిల్లల తల్లి, హైదరాబాదు

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయికి ఆరేళ్ళు, చిన్నవాడికి మొన్ననే రెండేళ్ళు నిండాయి. పోయిన నెల బజారులో పెరుగు పూత పూసిన ఎండుద్రాక్ష పొట్లం కనబడితే, పెరుగూ పండూ రెండూ ఉన్నాయి కదా, పిల్లలకు ఇంతకంటే మంచి చిరుతిండి ఏముంటుందని కొన్నాను. ఇంటికి వచ్చి పొట్లం వెనుక చదివితే మొదటి పేరు చక్కెర, రెండవది పామ్ గింజల నూనె, ఆ తరువాత కిస్‌మిస్, చిట్టచివర పెరుగు పొడి ఉన్నాయి. అప్పటికే అమ్మాయి దానికి బాగా అలవాటు పడిపోయింది. అదే వస్తువును ఇంట్లో శుభ్రంగా, చక్కెర లేకుండా చేసి పెట్టాలని రెండు ప్రయత్నాలు చేశాను కాని రెండూ చెడిపోయాయి.

మొదటిసారి గడ్డపెరుగును గిలక్కొట్టి, అందులో కిస్‌మిస్ ముంచి, పళ్ళెంలో విడివిడిగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టాను. గట్టిపడ్డాయి కాని కొరికితే మంచు పలుకుల్లా ఉన్నాయి. అమ్మాయి డబ్బాలో పెట్టి పంపితే పదిన్నర విరామానికల్లా తెల్లని నీళ్ళయి, మూత సందులోంచి కారి, పుస్తకాలు కూడా తడిశాయి. రెండవసారి పెరుగును బట్టలో మూటగట్టి నీరు దించి, కొంచెం బెల్లం పొడి కలిపి, పళ్ళెంలో పలుచగా పూసి డాబా మీద ఎండబెట్టాను. సాయంత్రానికి పైన తోలులా ఆరింది కాని అడుగున తడి అలాగే ఉండిపోయింది. మరునాటికి ముక్కు దగ్గర పెట్టుకోలేనంత పులుపు వాసన వచ్చింది.

ఏటా ఊరమిరపకాయలను పుల్లని మజ్జిగలో నానబెట్టి ఎండలోనే పెడతాం కదా, అవి చెడిపోకుండా ఇదొక్కటే ఎందుకు చెడిపోయిందో నాకు అర్థం కాలేదు. బడికి పంపగలిగేది, చిన్నవాడికి కూడా భయం లేకుండా పెట్టగలిగేది ఏదైనా తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం 1: ఆహార సాంకేతికత బోధకుడు, బాపట్ల

అమ్మా, మీరు పొట్లం వెనుక చదవడమే సగం పని. మన దేశంలో దినుసుల పేర్లను బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నదాన్ని ముందు వేసి రాయాలన్నది నిబంధన. కనుక మొదటి పేరు చక్కెర అయినప్పుడు ఆ పొట్లంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది చక్కెరే. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన 17 ఆహార మార్గదర్శకాలలో చివరిది కూడా లేబుల్ చదివి ఎంచుకొమ్మన్నదే.

మీ రెండు ప్రయత్నాలు చెడిపోవడానికి కారణం ఒక్కటే, అది నీరు. పెరుగులో నూటికి 85 పాళ్ళకు పైగా నీరే ఉంటుంది. కిస్‌మిస్‌లో ఉన్నది 15 పాళ్ళ చిల్లర మాత్రమే. ఈ రెండింటినీ కలిపి ఉంచితే పెరుగులోని నీటిని కిస్‌మిస్ పీల్చుకొని ఉబ్బుతుంది, పూత ఎప్పటికీ ఆరదు. బజారు పూతలో అసలు నీరే ఉండదు. గది వేడిమికి గట్టిగా ఉండే కొవ్వును కరిగించి, అందులో చక్కెర పొడి, పాలపొడి, కొద్దిగా పెరుగు పొడి కలిపి గింజలపై పోస్తారు, చల్లారగానే అది గట్టిపడుతుంది. అందువల్ల ఇంటి పెరుగుతో అచ్చంగా ఆ వస్తువు తయారు కాదు. కొవ్వును, చక్కెరను మనమే కొని తెచ్చి అదే పూత ఇంట్లో పోసుకోవడం వల్ల ఒనగూడేదీ లేదు. ఆ పోలిక వదిలిపెట్టి, ఇంట్లో తినేవి వేరుగా, డబ్బాలో పెట్టేవి వేరుగా చేసుకోమని నా సలహా.

ఇక ఎండ సంగతి. పాలు తోడు పెట్టేటప్పుడు గోరువెచ్చగా ఉన్నాయో లేదో వేలు పెట్టి చూస్తాం కదా, ఆ వేడి సుమారు 40 నుంచి 45 డిగ్రీలు. వేసవిలో డాబా మీద పళ్ళెం వేడి కూడా దాదాపు అంతే ఉంటుంది. అంటే మీరు పెరుగును ఆరబెట్టామనుకున్నారు కాని దానికి మరోసారి తోడు పెట్టినట్టయింది. తోడులోని సూక్ష్మజీవులు దినమంతా హాయిగా పెరిగి పులుపును పెంచాయి, పైన ఆరిన తోలు అడుగు తడిని బయటికి పోనివ్వలేదు. ఊరమిరపకాయల విషయం పూర్తిగా వేరు. వాటిలో ఉప్పు దండిగా పడుతుంది, పులిసిన మజ్జిగ ఆమ్లం తోడవుతుంది, పగలు ఎండకు నీరు పోతుంది, చివరికి సలసల కాగే నూనెలో వేయిస్తాం. ఇన్ని కాపలాలు పసిపిల్లల తీపి తినుబండారానికి పెట్టలేము. కాబట్టి పెరుగు కలిసినదేదీ ఎండలో పెట్టవద్దు.

పెరుగు కలిపిన గుజ్జును ఆరబెట్టాలంటే 57 నుంచి 60 డిగ్రీల నిలకడైన వేడి, గాలి కదలిక కావాలి. ఆ వేడికి తోడులోని సూక్ష్మజీవులు చాలావరకు నశిస్తాయి. ఫ్రీజర్‌లో మాత్రం అవి చాలావరకు చావకుండా నిద్రాణంగా ఉంటాయి. ఆరబెట్టిన పెరుగులో మాంసకృత్తులు, కాల్షియం నిలుస్తాయి కాని పెరుగు వల్ల కడుపుకు కలిగే మేలు కోసం భోజనంలో మామూలు పెరుగే పెట్టండి.

ఇంకొక్క మాట. మెరిసే బంగారు రంగు కిస్‌మిస్, నారింజ రంగు ఆప్రికాట్లు ఆ రంగులో ఉండడానికి గంధకపు పొగ లేదా దాని లవణాలు కారణం. లేబుల్ మీద 220 అంకె కనిపిస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లల్లో కొందరికి అది పడదు. నల్ల కిస్‌మిస్, గోధుమ రంగుకు తిరిగిన ఆప్రికాట్లు చూడటానికి అంత బాగుండకపోయినా పిల్లలకు అవే మేలు.

సమాధానం 2: గోదావరి అమ్మమ్మ, ఆత్రేయపురం దగ్గర

అమ్మాయీ, మాస్టారు చెప్పిన శాస్త్రం నాకు తెలియదు కాని నలభై ఏళ్ళుగా మామిడి తాండ్ర వేస్తున్నదాన్ని, నాకు తెలిసింది చెబుతాను. మా ప్రాంతంలో పూతరేకులతో పాటు తాండ్రకూ పేరుంది, విజయనగరం వైపు భీమాలి తాండ్ర అంటే తెలియనివారు లేరు. పిల్లలకు ఎండిన పండు పెట్టాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు, కిస్‌మిస్ కొనే స్తోమత లేని ఇళ్ళలో కూడా తాండ్ర ముక్క ఉండేది.

ముందు పెరుగు దించడం సరిగ్గా చేయి. లీటరు గడ్డపెరుగు తీసుకో, మీగడతో ఉన్నా పరవాలేదు కాని ఆ పూటే తోడుకున్నదై ఉండాలి. పులిసిన పెరుగు మూట కడితే పులుపు ఇంకా చిక్కబడుతుంది. ఉతికి ఎండబెట్టిన పలుచని నూలు బట్టలో పోసి, మూటగట్టి, జల్లెడలో పెట్టి, జల్లెడ కింద గిన్నె ఉంచి, మొత్తం ఫ్రిజ్‌లోనే ఎనిమిది గంటలు వదిలెయ్యి. వంటింటి కొక్కేనికి వేలాడదీస్తే వేసవిలో తెల్లారేసరికి పులుస్తుంది. లీటరుకు సుమారు 400 గ్రాముల ముద్ద దిగుతుంది. బట్ట విప్పినప్పుడు ముద్ద బట్టకు అంటకుండా, గరిటెతో తీస్తే గీత గీత పడుతూ, జున్నులా రావాలి. కిందికి దిగిన తేటను పారబొయ్యకు, చపాతీ పిండిలోనో పప్పుచారులోనో పొయ్యి.

తాండ్రకు మేము పీచు ఉన్న రసాలను పిసికి, రసం వడగట్టి, తాటాకు చాప మీద పలుచగా ఒక పూత పోస్తాం. అది ఎండాక మరునాడు దాని మీదే మరొకటి, అలా రోజూ పోసుకుంటూ పోతాం. రోహిణి కార్తె ఎండలకు ఒక పూత ఒక్కరోజులో ఆరుతుంది, మబ్బు పడితే రెండు రోజులైనా ఆరదు. ఈగలు వాలకుండా పలుచని బట్ట కప్పాలి, పొద్దు వాలకముందే లోపలికి తెచ్చుకోవాలి. అమ్మే తాండ్రలో చక్కెరో బెల్లమో కలుపుతారు, నువ్వు పిల్లల కోసం వేసుకునే దానిలో బాగా పండిన రసాలైతే ఏమీ కలపనక్కరలేదు. తీపి లేని తాండ్ర కొంచెం ముదురు రంగుకు తిరుగుతుంది, బిరుసుగా ఉంటుంది, అంతే.

ఇప్పుడు నేను మనవల కోసం చేసేది చెబుతాను. పండు తాండ్ర వేరుగా ఎండలో ఒకటి రెండు పూతలు మాత్రమే పోసి, చాప మీద నుంచి కాగితంలా లేచి వచ్చేటంత పలుచగా తీసుకుంటాను. తినే ముందు ఆ పొరను పీట మీద పరిచి, ఫ్రిజ్‌లోని పెరుగు ముద్దలో యాలకుల పొడి చిటికెడు కలిపి, దోసె మీద కారం పూసినట్టు పలుచగా పూసి, చాప చుట్టినట్టు చుట్టి, అంగుళం ముక్కలుగా కోస్తాను. ఆ చుట్టలో నారింజ రంగు, తెలుపు సుడి తిరిగి కనబడితే పిల్లలు ముందు కళ్ళతో తినేస్తారు. గంట దాటితే తాండ్ర మెత్తబడి జిగురవుతుంది, కనుక ఇది ఇంట్లో తినడానికే. బడికి ఉత్త తాండ్ర ముక్క పంపు, పెరుగు మధ్యాహ్నం అన్నంలో ఉంటుంది కదా.

సమాధానం 3: డాలస్ నుంచి ఒక తండ్రి

నమస్తే అండీ. ఇక్కడి అంగళ్ళలో పసిపిల్లల కోసం నోట్లో వేయగానే కరిగిపోయే పెరుగు చుక్కలు అమ్ముతారు. మా పాప కోసం అవి ఇంట్లోనే చేయాలని ఏడాది పాటు తంటాలు పడ్డాను. అవి పెరుగును గడ్డకట్టించి, గాలి తీసేసిన యంత్రంలో మంచును నీరు కానివ్వకుండా ఆవిరిగా లాగేసి చేసినవి. ఆ పెళుసుదనం ఇంటి పరికరాలతో రాదని తెలిశాక ఆ ప్రయత్నం మానుకున్నాను. మీరూ దాని వెంట పడి సమయం పోగొట్టుకోవద్దు.

నాకు చక్కగా కుదిరింది పెరుగు కలిపిన తాండ్ర. ఆహారం ఆరబెట్టే విద్యుత్ యంత్రం నా దగ్గర ఉంది, 57 డిగ్రీల దగ్గర పెడతాను. రెండు కప్పుల పండు గుజ్జుకు ఒక కప్పు నీరు దించిన పెరుగు, ఇది దాటితే తాండ్ర చుట్టేటప్పుడు పగులుతుంది. ఇక్కడ స్ట్రాబెర్రీ, పీచ్ వాడుతున్నాను, మీరు మామిడి లేదా సపోటాలో అరటిపండు కలిపి వాడవచ్చు. అరటిపండు చేర్చితే చక్కెర అవసరం ఉండదు, పైగా తాండ్రకు సాగే గుణం వస్తుంది. నల్లబడకుండా నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. మూడు మిల్లీమీటర్ల మందాన పరవాలి. అంచులు ముందు ఆరతాయి కాబట్టి అక్కడ కాస్త మందంగా, మధ్యలో కాస్త పలుచగా ఉండేలా చూసుకోండి. నాకు ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది.

యంత్రం లేకపోతే ఓటీజీలో, అంటే ఇంట్లో వాడే చిన్న విద్యుత్ ఓవెన్‌లో, చేయవచ్చు కాని చాలా ఓటీజీలలో అత్యల్ప వేడి కూడా ఎక్కువే. తలుపు సందులో చెక్క గరిటె అడ్డం పెట్టి, లోపల ఒక ఉష్ణమాపకం ఉంచి, వేడి 65 దాటకుండా చూసుకోవాలి. గరిటె సందులోంచి తడి గాలి బయటికి పోవడం కూడా అవసరమే. పిల్లలు దగ్గరికి రాకుండా చూసుకుంటూ, మీరు మేలుకొని ఉండే వేళలోనే మొదలుపెట్టి ముగించండి. అల్యూమినియం పళ్ళెం వద్దు, పెరుగు పులుపు దానిని తింటుంది. స్టీలు పళ్ళేనికి నెయ్యి చేతితో రుద్దితే తాండ్ర మూల నుంచి ఎత్తగానే వచ్చేస్తుంది.

పెరుగు కలిసింది కనుక నేను దీనిని ఫ్రిజ్‌లోనే ఉంచి వారంలోపు ముగిస్తాను. పొద్దున డబ్బాలో పెట్టిన ముక్కను అదే రోజు తినాలి, సాయంత్రం మిగిలి వస్తే మళ్ళీ దాచవద్దు.

సమాధానం 4: పిల్లల వార్డులో పనిచేసిన విశ్రాంత నర్సు, విశాఖపట్నం

అందరూ తయారీ గురించి బాగా చెప్పారు. రెండేళ్ళ బాబు గురించి మాత్రం ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను, దయచేసి దీనిని తేలికగా తీసుకోవద్దు. చిన్నపిల్లల గొంతులో ఇరుక్కునే తినుబండారాలలో గట్టిగా, గుండ్రంగా ఉండేవి, జిగురుగా సాగేవి ముఖ్యమైనవి. ఫ్రీజర్‌లో గట్టిపడిన పెరుగు పూత కిస్‌మిస్‌లో ఈ రెండు గుణాలూ కలిసి ఉన్నాయి, పైన రాయిలా ఉంటుంది, లోపల జిగురు. అందువల్ల అది చిన్నవాడి చేతికి ఇవ్వకండి. ఐదేళ్ళ లోపు పిల్లలకు జీడిపప్పు, బాదం, వేరుశనగ పలుకులుగా కాక పొడిగానో ముద్దగానో మాత్రమే ఇవ్వాలి.

మీ బాబుకు ఇలా చేయండి. కిస్‌మిస్‌ను గోరువెచ్చని నీటిలో రెండుసార్లు కడిగి, మూడోసారి వేసిన మంచినీటిలో గంట నానబెట్టి, ఖర్జూరం కూడా గింజ తీసి నానబెట్టి, రెండింటినీ మెత్తగా నూరి, నీరు దించిన పెరుగులో కలిపి చెంచాతో తినిపించండి. పెరుగు నాలుగు పాళ్ళకు పండు ముద్ద ఒక పాలు చాలు. తినేటప్పుడు కూర్చోబెట్టండి. పరుగులు తీస్తున్న పిల్లవాడి నోట్లో పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయిన తల్లులను వార్డులో ఏడుస్తూ చూశాను, ఆ ముఖాలు నేను మరచిపోలేను. ఇదే వంటకం ఏడాది నిండని పిల్లలకు చేసేవారు ఎవరైనా చదువుతుంటే, అందులో తేనె చుక్క కూడా కలపకండి, దానివల్ల నరాలను పడవేసే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

దంతాల విషయం పెద్దమ్మాయికి వర్తిస్తుంది. కిస్‌మిస్ బరువులో సగానికి పైగా చక్కెరే, అది పండులోదే అయినా దంతాల సందుల్లో అంటుకుంటే పాలపళ్ళను వదలదు. రోజంతా జేబులో పెట్టుకొని ఒక్కొక్కటి నములుతుంటే ఎక్కువ హాని. ఆమె సొంత పిడికిలి నిండా, అంటే 20 గ్రాముల లోపు, భోజనంతో పాటు ఒకేసారి తినిపించి, నీళ్ళు పుక్కిలింపజేయండి. కిస్‌మిస్ తింటే రక్తం పడుతుందని మన ఇళ్ళలో గట్టి నమ్మకం ఉంది. వంద గ్రాముల్లో ఉండే ఇనుము సుమారు 2 మిల్లీగ్రాములే కనుక పిడికెడులో అరమిల్లీగ్రాము కూడా రాదు, పైగా పెరుగులోని కాల్షియం ఆ కొంచెం కూడా పూర్తిగా ఒంటబట్టనివ్వదు. రక్తం తక్కువగా ఉందని వైద్యులు చెప్పిన పిల్లలకు ఇది మందు కాదు.

మళ్ళీ అడిగినది: ఇద్దరు పిల్లల తల్లి, హైదరాబాదు

మీరందరూ ఇంత ఓపికగా రాసినందుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. చిన్నవాడికి నిన్నటి నుంచి నర్సమ్మగారు చెప్పినట్టే నూరి పెడుతున్నాను. ఒక్క సందేహం మిగిలింది. అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు ఫ్రీజర్‌లో పెట్టిన పెరుగు ముక్కలే అడుగుతోంది. మంచు పలుకుల్లా కాకుండా మెత్తగా రావాలంటే ఏం చేయాలి? పూత కిస్‌మిస్‌కు పట్టకుండా జారిపోతోంది కూడా.

సమాధానం 5: ఆహార సాంకేతికత బోధకుడు, బాపట్ల

మంచు పలుకులు నీటి వల్లనే ఏర్పడతాయి. పలుచని పెరుగుకు బదులు పైన ఆత్రేయపురం అమ్మమ్మగారు చెప్పిన, నీరు దించిన పెరుగు ముద్దను వాడితే సగం తగ్గిపోతాయి. 200 గ్రాముల ముద్దకు రెండు చెంచాల ఖర్జూరం గుజ్జు కలపండి, అందులోని చక్కెర నీటిని పట్టి ఉంచి గట్టి మంచు కాకుండా చూస్తుంది. మీగడ తీయని పాలతో తోడు పెట్టిన పెరుగైతే ఇంకా మెత్తగా వస్తుంది.

పూత జారడానికి కారణం కిస్‌మిస్ మీద ఉండే పలుచని నూనె పొర. గోరువెచ్చని నీటిలో కడిగి, బట్ట మీద పూర్తిగా ఆరనిచ్చి, వేయించిన పుట్నాలపప్పు పొడిలో దొర్లించి, ఆ తరువాత పెరుగు ముద్దలో ముంచండి. పొడి పెరుగులోని తడిని పట్టుకొని పూతను నిలబెడుతుంది. ఒక్కొక్క గింజను ముంచేకంటే, కిస్‌మిస్‌ను సగానికి కోసి ముద్దలో కలిపి, చెంచాడు చెంచాడు పళ్ళెంలో బిళ్ళలుగా వేసి మూడు గంటలు ఫ్రీజర్‌లో ఉంచడం తేలిక. తీసిన రెండు మూడు నిమిషాలకు, అంచులు కాస్త మెత్తబడినప్పుడు ఇవ్వండి.

పుట్నాల పొడి మిగిలితే దానిలో నూరిన ఖర్జూరం, తురిమిన ఎండుకొబ్బరి వేసి చిన్న ఉండలు చుట్టి డబ్బాలో పెట్టండి. వాటిలో తడి లేదు, కారవు, మధ్యాహ్నం దాకా నిలుస్తాయి. నిజానికి బడికి పంపడానికి నా దృష్టిలో వీటిని మించినవి లేవు.

మూడు వారాల తరువాత: ఇద్దరు పిల్లల తల్లి, హైదరాబాదు

ఇక్కడ చెప్పినవన్నీ చేసి చూశాక రాస్తున్నాను, నాలాగే వెదికేవారికి ఉపయోగపడవచ్చు. ఖర్జూరం ఉండలు డబ్బాలో చక్కగా నిలిచాయి, అమ్మాయి తన పక్కన కూర్చునే పిల్లకు కూడా రెండు కావాలని అడిగి పట్టుకెళ్తోంది. పెరుగు బిళ్ళలు ఆదివారం ఇంట్లో చేస్తున్నాను. ఖర్జూరం గుజ్జు కలిపాక మంచు పలుకులు నిజంగానే పోయాయి.

మామిడి, పెరుగు కలిపిన తాండ్ర ఓటీజీలో రెండుసార్లు చేశాను. మొదటిసారి పళ్ళెమంతా ఒకే మందాన పరిచినందువల్ల అంచులు అప్పడంలా విరిగాయి, నడుమ అరచేతి మేర తడిగా మిగిలింది. ఆ తడి భాగాన్ని వేరు చేసి ఆ రోజే ఇంట్లో తినేశాం. రెండవసారి డాలస్ అన్నగారు చెప్పినట్టు అంచులు మందంగా, మధ్య పలుచగా పరిచి, ఐదవ గంటలో పళ్ళేన్ని వెనుక వైపు ముందుకు తిప్పి పెట్టాను. ఏడు గంటలకు వేలితో నొక్కితే గుర్తు పడలేదు. మూల పట్టుకొని అమ్మాయే లాగింది, చిరగకుండా ఒక్క ముక్కగా లేచి వచ్చింది. మామిడి అయిపోవస్తోంది కనుక వచ్చేసారి సపోటా, అరటితో వేస్తాను. సపోటా గుజ్జును ఎంతసేపు వడగట్టినా ఇసుకలా తగులుతోంది, దానికి ఉపాయం తెలిసినవారు ఎవరైనా ఉంటే రాయండి.